నగరంలో జీవవైవిధ్యం: మొక్కల లెక్క సరే, జీవాల లెక్క ఎక్కడ?



"ప్రకృతి వ్యవసాయం గురించి చెప్పే మీకు నగరంలో చెట్ల గొడవ ఎందుకండీ?" అని చాలామంది అడుగుతున్నారు. పైన వీడియోలో చెట్లను, చెరువు గట్లను చూపించాను. కానీ చట్టాలు, బడ్జెట్లు, ఎవరి బాధ్యత ఎంత అన్నవి వీడియోలో చెబితే తలలోకి ఎక్కవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, తీరికగా చదవండి.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. హైదరాబాద్ వాడి వదిలేసిన నీళ్లు మూసీలో కలిసి కిందికి వస్తాయి. ఆ నీళ్లతోనే దిగువన రైతులు పారా గడ్డి పెంచి గేదెలకు అమ్ముతున్నారు, వరి పండిస్తున్నారు. అంటే నగరం తన చెరువుల్ని, నాలాల్ని ఎలా చూసుకుంటుందో అదే మన పొలంలోకి వస్తుంది. రెండోది, శివారులో కూరగాయలు వేసే రైతుకు సొర, బీర, కాకర, గుమ్మడి కాయాలంటే తేనెటీగలు కావాలి. ఆ తేనెటీగలకు వేసవిలో తిండి కొంత పొలం గట్ల మీద, కొంత నగరంలో పూసే కానుగ, వేప, చింత చెట్ల మీద దొరుకుతుంది. అవి మన పొలం హద్దు రాయి చూసి ఆగవు కదా.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నగరంలో జీవవైవిధ్యాన్ని కాపాడటానికి కార్పొరేషన్‌కు చట్టం ఉంది, డబ్బు ఉంది, మనుషులు ఉన్నారు. కానీ లెక్క మాత్రం "ఎన్ని మొక్కలు నాటాం" దగ్గరే ఆగిపోతోంది. "వాటి మీద ఏం బతుకుతోంది" అన్న లెక్క మొదలైన రోజున మిగతావి వాటంతట అవే సరైన దారిలో పడతాయి.

పచ్చగా ఉన్నదంతా జీవవైవిధ్యం కాదు

రోడ్డు డివైడర్ మీద వరసగా ఒకే రకం పూల మొక్కలు, కింద కార్పెట్ గడ్డి. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ గడ్డికి రోజూ నీళ్లు పట్టాలి, తరచూ కత్తిరించాలి. దాని మీద పురుగు లేదు, పిట్ట లేదు.

ఇప్పుడు ఒక పాత మర్రి చెట్టును తీసుకోండి. మర్రి, రావి, మేడి, జువ్వి ఒకే కుటుంబం. వీటి కాయల లోపలే పూలు ఉంటాయి. ఆ పూలకు పరాగసంపర్కం చేసేది చాలా చిన్న కందిరీగ జాతి పురుగు. ఒక్కో రకం చెట్టుకు దాదాపు దానికంటూ ప్రత్యేకమైన పురుగు ఉంటుంది. చెట్టు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే చెట్టుకు విత్తనం లేదు. పైగా ఈ చెట్లన్నీ ఒకే నెలలో కాయవు. ఒకటి ఇప్పుడు కాస్తే పక్క వీధిలోది ఇంకో నెలలో కాస్తుంది. అందుకే వేరే పండ్లు దొరకని రోజుల్లో కూడా కోయిల, గోరవంక, పిగిలిపిట్ట, గబ్బిలం, ఉడుత వీటి మీదే బతుకుతాయి.

అలాంటి ఒక చెట్టు కొట్టేసి, బదులుగా వంద మొక్కలు నాటామంటే కాగితం మీద తొంభై తొమ్మిది లాభం. జీవాల లెక్కలో మాత్రం చాలా ఏళ్ల పాటు నష్టమే. మన భాషలో చెప్పాలంటే, పాడి గేదెను అమ్మేసి వంద కోడిపిల్లలు కొన్నట్టు. రేపు పొద్దున పాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎవరి చేతిలో ఏముంది?

దేనికైనా ఫిర్యాదు చేసే ముందు అది ఎవరి పనో తెలియాలి. లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

హైదరాబాద్‌నే తీసుకుందాం. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీని ఏర్పాటు చేశారు. ఆ తర్వాత హద్దులు ఎలా మారినా నగర పాలక సంస్థ చేతిలో ఉండే పనులు ఇవి: కాలనీ పార్కులు, రోడ్ల పక్క చెట్లు, డివైడర్లు, చెత్త, దోమల నివారణ, ఇళ్ల అనుమతులు, కొన్ని చెరువుల నిర్వహణ. జీహెచ్ఎంసీలో అర్బన్ బయోడైవర్సిటీ అని ప్రత్యేక విభాగమే ఉంది. నర్సరీలు, పార్కులు, మొక్కలు నాటడం వాళ్లు చూస్తారు.

కార్పొరేషన్ చేతిలో లేనివి కూడా ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో ఉన్న కేబీఆర్ పార్కు 1998లో జాతీయ ఉద్యానవనం అయింది. అది అటవీ శాఖది. నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల పొద అడవి అది, నెమళ్లు తిరుగుతాయి. కానీ దాని చుట్టూ ఉండే రోడ్లు, ఫ్లైఓవర్లు, భవనాల అనుమతులు కార్పొరేషన్, ప్రభుత్వం చూసేవి. లోపల ఒకరు కాపాడుతుంటే బయట ఇంకొకరు కంచె దాకా వస్తారన్నమాట. మురుగునీరు జలమండలి పని. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దులు నీటిపారుదల, రెవెన్యూ శాఖలు తేల్చాలి. మాస్టర్ ప్లాన్ హెచ్ఎండీఏ చేతిలో ఉంటుంది.

2025లో కంచ గచ్చిబౌలి విషయం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల భూమిలో చెట్లు తొలగించడం మొదలైతే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమని ఆదేశించింది. రాళ్లు, పొదలు, కుంటలు ఉన్న ఆ భూమి రికార్డులో ఒక రకంగా, నేల మీద ఇంకో రకంగా ఉండటమే గొడవకు మూలం. అక్కడ ఏ జీవాలు ఉన్నాయో ముందే అధికారికంగా రాసి పెట్టుకుని ఉంటే వాదన యంత్రాలు దిగక ముందే జరిగేది. అందుకే అన్నింటికన్నా ముందు చేయాల్సిన పని రాసుకోవడం.

మొదటి పని: ఏముందో రాసుకోవడం

2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీని వేయాలి. పంచాయతీకైనా, మున్సిపాలిటీకైనా, కార్పొరేషన్‌కైనా ఇదే చట్టం. ఆ కమిటీ చేయాల్సిన ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయడం. ఆ ఊళ్లో, ఆ నగరంలో ఏ చెట్లు, ఏ పిట్టలు, ఏ చేపలు, ఏ పంటలు, ఏ పశుజాతులు ఉన్నాయి, వాటి గురించి ఎవరికి ఏం తెలుసు అన్నదంతా అందులో రాయాలి. పాలమ్మే ఆయనకు ఏ గడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలుసు. చేపలు పట్టే ఆయనకు ఏ చెరువులో ఏ చేప కనబడకుండా పోయిందో తెలుసు. ఆ తెలివి కూడా రిజిస్టర్‌లోకి రావాలి.

చాలా ఏళ్ల పాటు దేశమంతటా ఈ పని నత్తనడకన సాగింది. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి దాకా గడువు పెట్టి, అది దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయల చొప్పున కట్టాలని చెప్పింది. దాంతో ఒక్కసారిగా కమిటీలు, రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి. ఇలా హడావుడిగా తయారైనప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. ఒక చోట రాసింది ఇంకో చోట దించేస్తారు. పంట నమోదు ఆఫీసులో కూర్చుని చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

మంచి రిజిస్టర్‌ను గుర్తుపట్టడం తేలిక. అందులో కాలం ఉంటుంది, చోటు ఉంటుంది. "రావి చెట్లు ఉన్నాయి" అని కాకుండా "ఫలానా బడి వెనక రావి చెట్టు, తొర్రలో చిలకలు గూడు పెట్టాయి, ఫిబ్రవరి" అని ఉంటుంది. అలా రాసి ఉంటే రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇంజనీరు ముందు పెట్టొచ్చు.

ఇదే చట్టంలో ఇంకో మంచి దారి ఉంది. జీవవైవిధ్య పరంగా విలువైన చోటును స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించొచ్చు. హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016 నవంబర్‌లో ఆ గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతంలో ఒక నీటి వనరుకు ఇలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. కానీ మరుసటి ఏడాది, 2017లోనే, కలుషిత నీళ్లు చేరి ఆ చెరువులో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. బోర్డు పెట్టినంత మాత్రాన చెరువుకు కాపలా దొరకదు. చెరువులోకి వచ్చే వాగు, ఆ వాగు మీద ఉన్న పైపులు కూడా లెక్కలోకి రావాలి.

రెండో పని: ఉన్నదాన్ని ముట్టుకోకుండా ఉండటం

కొత్తగా నాటడం కన్నా ఉన్నదాన్ని కాపాడటం చవక. ఇది పొలంలోనూ నిజమే, నగరంలోనూ నిజమే.

పెద్ద చెట్లు: చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, ఇంటి ఆవరణలో ఉన్నా సరే. చెట్లు చచ్చిపోవడానికి గొడ్డలి ఒక్కటే కారణం కాదండీ. ఫుట్‌పాత్ వేసేటప్పుడు మొదలు దాకా సిమెంటు పోస్తారు. నీళ్లు దిగవు, గాలి ఆడదు, వేరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నాలుగైదేళ్లకు గాలివానకు పడిపోతే "చెట్టు ముసలిదైంది" అంటారు. చెట్టు చుట్టూ కనీసం ఒక మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని 2013లోనే ఢిల్లీ విషయంలో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. రోడ్డు టెండర్‌లో ఒక్క వాక్యం చేర్చితే అయ్యే పని ఇది.

రాళ్లు, పొదలు: దక్కన్ పీఠభూమి అంటేనే గుండ్రాళ్లు. ఆ రాళ్ల సందుల్లో సీతాఫలం, తంగేడు, బలుసు, రేగు మొలుస్తాయి. ఉడుములు, తొండలు, ముంగిసలు, కౌజుపిట్టలు అక్కడే ఉంటాయి. రికార్డులో మాత్రం దాన్ని బీడు, బంజరు అంటారు. బంజరు అన్న పేరు ఉంటే చాలు, ఎవరో ఒకరు దాన్ని "అభివృద్ధి" చేస్తారు. మంచి మనసుతో వచ్చి గుంతలు తీసి దగ్గర దగ్గరగా మొక్కలు నాటేవాళ్లు కూడా అక్కడ నష్టమే చేస్తారు. ఎండ తగిలే నేల మీద బతికే జీవాలకు నీడ పెడితే అవి వెళ్లిపోతాయి. కాబట్టి మొక్క నాటకపోవడమే సరైన పని అనే చోట్లు కూడా నగరంలో ఉన్నాయి. ముందు రాసుకోమని చెప్పింది ఇందుకే.

మూడో పని: ఏ మొక్క, ఎందుకు?

ఇక డబ్బు సంగతికి వద్దాం. తెలంగాణలో హరితహారం 2015 జులైలో మొదలైంది. 2019 మున్సిపాలిటీల చట్టంలో ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని రాశారు. 2020లో జీహెచ్ఎంసీ చట్టాన్ని కూడా సవరించి, అంతకుముందు 2.5 శాతం ఉన్నదాన్ని 10 శాతం చేశారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, ఆ బాధ్యత ప్రజాప్రతినిధి మీద, అధికారి మీద ఉంటుంది. ఇంత డబ్బు, ఇంత గట్టి నిబంధన ఉండటం మంచి విషయమే. 2022లో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగరం అవార్డు కూడా వచ్చింది.

అదే 2022లో కోనోకార్పస్ మొక్క నాటొద్దని రాష్ట్రంలో ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికే అది డివైడర్ల మీద, పార్కుల చుట్టూ, స్కూళ్ల గోడల పక్కన వేలకు వేలు నాటేసి ఉంది. వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి పోతున్నాయని, పుప్పొడితో శ్వాస ఇబ్బందులు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి.

ఇక్కడ ఒక నర్సరీవాడిగా నాకు కనబడేది చెబుతాను. కోనోకార్పస్ ఎందుకు అంతలా పాకింది? కొమ్మ గుచ్చితే వేరు పోసుకుంటుంది. చాలా తొందరగా ఎత్తు పెరుగుతుంది. మేకలు, పశువులు పెద్దగా ముట్టవు. ఎండకు, ఉప్పునీళ్లకు తట్టుకుంటుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. 85 శాతం బతకాలి, ఎత్తు కనబడాలి, ఫొటో బాగుండాలి అన్న మూడు షరతులు పెట్టి ఒక మొక్కను వెతకమంటే ఎవరైనా దాన్నే తెస్తారు. తప్పు మొక్కది కాదు, కొలబద్దది. పురుగు ముట్టని, మేక ముట్టని మొక్క కావాలని మనమే అడిగాం. పురుగు ముట్టకపోతే పిట్టకు పిల్లల్ని పెంచే తిండి ఎక్కడిది?

ఒక మున్సిపాలిటీ నుంచి మాకు వచ్చిన ఆర్డర్ గుర్తుంది. రకం ఏదైనా పర్వాలేదు, ఆరు అడుగుల ఎత్తు ఉండాలి, వారంలో కావాలి, అన్నీ ఒకేలా కనబడాలి. ఆరు అడుగుల ఇప్ప మొక్క వారంలో ఎవరు ఇవ్వగలరు? ఇప్ప, మోదుగ, నల్లమద్ది లాంటివి కావాలంటే ఏడాది, రెండేళ్ల ముందే నర్సరీకి చెప్పి పెంచాలి. గింజ సేకరణ దగ్గరి నుంచి పని మొదలవ్వాలి. అంటే దేశవాళీ చెట్లు రావాలంటే బడ్జెట్‌తో పాటు ముందుచూపు ఉన్న ఆర్డర్ కూడా రావాలి.

ఏ చెట్టు ఎవరికి తిండి పెడుతుందో ఒక చిన్న పట్టిక లాగా రాస్తున్నాను:

- కానుగ: తేనెటీగలకు మంచి పూత. ఆకు పచ్చిరొట్టగా, మన కషాయాలకూ పనికొస్తుంది. రోడ్డు పక్కన నీడ బాగుంటుంది.
- మోదుగ, బూరుగ: శీతాకాలం చివర, ఎండాకాలం మొదట్లో పూస్తాయి. తేనెపిట్టలు, గోరవంకలు, కాకులు అన్నీ వాలతాయి. బూరుగ పెద్ద పార్కులకే, ఇరుకు వీధికి వద్దు.
- ఇప్ప: రాత్రి పూట గబ్బిలాలు వస్తాయి. గబ్బిలాలు అటూ ఇటూ తిరుగుతూ విత్తనాలు చల్లే కూలీలు.
- రేల, తంగేడు: పసుపు, లేత ఆకుపచ్చ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది ఈ ఆకుల మీదే. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, అయినా పార్కుల్లో వెతికితే కనబడదు.
- నల్లమద్ది: చెరువు గట్లకు, నాలాల పక్కకు సరిగ్గా సరిపోతుంది.
- నేరేడు, మేడి, రావి: పండ్లు తినే పిట్టలకు. ఖాళీ ఉన్న చోట, గోడలకు దూరంగా.
- కరివేపాకు, నిమ్మ: ఇంటి పెరడుకు, మిద్దెకు. నల్ల సీతాకోకచిలుకల గొంగళ్లు ఈ ఆకులు తింటాయి.

ఇందులో ఒక కిటుకు ఉంది. సీతాకోకచిలుక కావాలంటే గొంగళిపురుగును భరించాలి. పార్కులో ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టమనేది మనమే, సీతాకోకచిలుకలు కనబడటం లేదని బాధపడేదీ మనమే.

ఒక వీధిలో ఒకే రకం కాకుండా ఐదారు రకాలు కలిపి నాటితే తెగులు వచ్చినా అన్నీ పోవు, పూత కూడా నెల నెలకు మారుతుంది. విశాఖలో ఏడాకుల పాల చెట్లు ఎక్కువగా నాటడం వల్ల అక్టోబరు, నవంబరుల్లో అన్నీ ఒకేసారి పూసి, ఆ ఘాటు వాసనతో జనం ఇబ్బంది పడటం మీరు వినే ఉంటారు. ఆ చెట్టు మంచిదే, ఒకే చోట అన్నేసి ఉండటమే చిక్కు. ఏక పంట వేస్తే పొలంలో ఏమవుతుందో అదే ఇది.

నాలుగో పని: చెరువు అంచును చెరువుకే వదిలేయడం

చెరువు సుందరీకరణ అనగానే మనకు గుర్తొచ్చేది ఏంటి? చుట్టూ రాతి కట్టు, వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు, మధ్యలో ఫౌంటెన్. నడవడానికి చోటు దొరకడం మంచిదే. కానీ చెరువులో ఎక్కువ జీవం ఉండేది నడి నీళ్లలో కాదు, మోకాలి లోతు ఉండే అంచులో. తుంగ, జమ్ము గడ్డి అక్కడే మొలుస్తుంది. కప్పలు, తూనీగలు అక్కడే గుడ్లు పెడతాయి. గుడ్డికొంగ అక్కడే నిలబడి చేప పడుతుంది. బుడుబుంగ ఆ గడ్డిలోనే తేలే గూడు కట్టుకుంటుంది. నిలువుగా రాతి గోడ కడితే ఈ అంచు మొత్తం పోతుంది. చెరువు పెద్ద సిమెంటు తొట్టి అవుతుంది.

2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఆ బఫర్‌లో కట్టడాలు ఉండకూడదు. ఆ వదిలిన చోటులో ఏం ఉండాలి అన్నది మాత్రం కార్పొరేషన్ ఆలోచించాల్సిన విషయం. ట్రాక్‌ను బఫర్ బయటి వైపుకు జరిపి, ఒకవైపు గట్టును వాలుగా, గడ్డితో వదిలేసినా చాలు. లైట్లు గట్టు అంతా కాకుండా నడిచే దారి వరకే, కిందికి వంగి ఉండేలా పెడితే రాత్రి పిట్టలకు నిద్ర పడుతుంది.

గుర్రపు డెక్కను యంత్రాలతో తీయడం ప్రతి ఏడాదీ చూస్తున్నాం. తీసిన నాలుగు నెలలకు మళ్లీ నిండిపోతుంది. ఎందుకంటే అది బతికేది మురుగులో ఉండే నత్రజని, భాస్వరం మీద. యూరియా ఎక్కువైన పొలంలో కలుపు విరగబడినట్టే. మురుగు పైపు ఆపకుండా డెక్క తీయడం అంటే ఎరువు వేస్తూ కలుపు తీయడమే.

ఐదో పని: ఫాగింగ్, రాలిన ఆకు

దోమల వల్ల డెంగీ వస్తుంది, కాబట్టి నివారణ తప్పదు. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ సాయంత్రం వీధుల్లో కొట్టే పొగ మందు ఎగిరే దోమతో పాటు రాత్రి తిరిగే చిన్న పురుగులన్నింటికీ తగులుతుంది. నీళ్లలో ఉన్న దోమ పిల్లలకు మాత్రం ఏమీ కాదు, వారం తిరిగేసరికి కొత్త దోమలు లేస్తాయి. నీళ్లలోనే ఆపడం మేలు. మనం పొలంలో వినే బీటీ బాక్టీరియాలోనే బీటీఐ అనే రకం ఉంది. అది దోమ లార్వాను చంపుతుంది, తేనెటీగకు ఏమీ చేయదు. తూనీగ పిల్లలు నీళ్లలో ఉన్నంత కాలం దోమ లార్వాల్ని తింటాయి. అంచు బాగున్న చెరువులో ఈ పని ఉచితంగా జరుగుతుంది. చెరువుల్లో వదిలే గంబూసియా చేప మాత్రం విదేశీ రకం. అది దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లు, మన చిన్న చేపల పిల్లల్ని కూడా తింటుంది. కాబట్టి సహజమైన చెరువుల్లో వద్దనే చెప్పాలి.

ఇక రాలిన ఆకు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఆచ్ఛాదన గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. పార్కులో ఆకు ఊడ్చి, కుప్ప పోసి, నిప్పు పెట్టడం చూస్తే మీకూ నాలాగే కడుపు మండుతుంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని హరిత ట్రిబ్యునల్ 2016లో నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా పెట్టింది. దారి మీద పడ్డ ఆకును ఊడ్చి అదే చెట్టు మొదట్లో వేస్తే చాలు. వానపాములు, చెదలు, బూజులు వాటి పని అవి చేస్తాయి. ఎరువు కొనక్కర్లేదు, ఆకు మోసే ట్రాక్టర్ డీజిల్ మిగులుతుంది, నేల వాన నీళ్లు తాగుతుంది. ఆకు కింద పురుగు ఉంటే పొద్దున్నే చిలుక ముక్కు కన్నా పొడుగైన ముక్కుతో నేల పొడుస్తూ కూకుడుగువ్వ వచ్చి వాలుతుంది.

ఆఖరి పని: సరైన లెక్క

ఇవన్నీ జరుగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? దీనికి ప్రపంచమంతా వాడే ఒక కొలత ఉంది. 2008లో జర్మనీలోని బాన్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో సింగపూర్ ప్రతిపాదించింది, అందుకే దాన్ని సింగపూర్ సూచిక అంటారు. మొదట 23 అంశాలు, ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 92. 2021లో సవరించి 28 అంశాలు, 112 మార్కులు చేశారు. నగరంలో సహజమైన భూమి ఎంత శాతం ఉంది, అవి ఒకదానికొకటి కలిసి ఉన్నాయా, కట్టడాల మధ్య ఎన్ని రకాల స్థానిక పక్షులు ఉన్నాయి, బయటి నుంచి వచ్చి ఆక్రమించే జాతులు ఎన్ని, బడ్జెట్‌లో ఎంత పెడుతున్నారు, బడి పిల్లలకు చెబుతున్నారా, ఇలాంటివి అడుగుతుంది.

2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు, కాప్-11, మన హైదరాబాద్‌లోనే జరిగింది. అంటే ఈ చర్చ మనకు కొత్తది కాదు. ఈ సూచిక గొప్పదనం ఏంటంటే పక్క నగరంతో పోటీ పడమనదు. పోయినసారి నీకు ఎన్ని మార్కులు, ఈసారి ఎన్ని అని నిన్ను నీతోనే పోల్చుకోమంటుంది. భూసార పరీక్ష లాంటిదన్నమాట. ఒకసారి చేయించి ఫ్రేమ్ కట్టుకుంటే లాభం లేదు, మూడు నాలుగేళ్లకోసారి చేస్తేనే నేల బాగుపడుతోందో లేదో తెలుస్తుంది.

మనం ఏం అడగాలి?

నగరంలో ఉండే మిత్రులు ఈ ఐదు ప్రశ్నలు రాసి పెట్టుకోండి. మీ మున్సిపాలిటీలో, కార్పొరేషన్‌లో అర్జీ పెట్టి గానీ, సమాచార హక్కు కింద గానీ అడగొచ్చు.

1. మన జీవవైవిధ్య నిర్వహణ కమిటీలో ఎవరెవరు ఉన్నారు? పోయిన ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నారు?
2. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ నకలు ఇవ్వగలరా? మా వార్డు గురించి అందులో ఏముంది?
3. గ్రీన్ బడ్జెట్‌లో ఎంత ఖర్చైంది? అందులో కార్పెట్ గడ్డికి, పూల కుండీలకు ఎంత, దేశవాళీ చెట్లకు ఎంత?
4. ఈ ఏడాది నాటిన మొక్కల రకాల వారీ జాబితా ఏది?
5. మా పార్కులో రాలిన ఆకు ఎక్కడికి పోతోంది?

ఐదింటిలో రెండింటికి సరైన జవాబు వచ్చినా పని మొదలైనట్టే. జవాబు రాకపోయినా, అడిగేవాళ్లు ఉన్నారని ఫైలులో రాసి ఉంటుంది. కోపంగా వెళ్లకండి. ఆ విభాగాల్లో పనిచేసే తోటమాలులు, సూపర్‌వైజర్లలో చెట్ల గురించి మనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావాల్సింది పైనుంచి వచ్చే ఆర్డర్‌లో మార్పు. మన ప్రశ్న ఆ మార్పుకు ఆధారం అవుతుంది.

రైతులకు ఒక మాట. మీ పొలం గట్టు మీద మోదుగ, బూరుగ, రేల, ఇప్ప ఉంటే గింజలు సేకరించండి. మున్సిపాలిటీలు సరైన మొక్క అడగడం మొదలుపెడితే ఆ మొక్కలు ఇవ్వగలిగేది మనమే. రెండేళ్ల వయసున్న దేశవాళీ మొక్క ఇవాళ మార్కెట్‌లో దొరకడం కష్టం. నలుగురు రైతులు కలిసి చిన్న నర్సరీ పెట్టుకుంటే పొలం పనికి అడ్డం రాని ఆదాయం.

గింజ ఎప్పుడు కోయాలి, ఎలా నానబెట్టాలి, ఏ రకానికి ఎంత మట్టి కలపాలి అన్నది వచ్చే వీడియోలో రకాల వారీగా చూపిస్తాను. ఈలోపు మీ వీధిలో ఉన్న అతి పెద్ద చెట్టు ఏదో, దాని మీద ఈ వారంలో ఏ ఏ జీవాలు కనబడ్డాయో ఒక కాగితం మీద తేదీ వేసి రాసి పెట్టండి. మీ వార్డు రిజిస్టర్‌కు అదే మొదటి పేజీ అవుతుంది.